ప్లేనరుకు బెల్టు మార్చాలంటే ముందు దేన్ని కొలవాలి?

పొదిలి_వడ్రంగం:
సభ్యులందరికీ నమస్కారం. పొదిలిలో నాకు చిన్న వడ్రంగి షెడ్డు ఉంది. తలుపులు, ద్వారబంధాలు, కిటికీలు చేస్తాము. ఈ మధ్య పన్నెండు అంగుళాల ప్లేనరు, అంటే చెక్కను చిత్రిక పట్టే యంత్రం, ఒకటి పాతది కొన్నాను. మోటారు 3 హెచ్‌పీ, త్రీ ఫేజు, 2880 ఆర్‌పీఎం. మోటారు పుల్లీ 5 అంగుళాలు, కట్టర్ బ్లాకు (బ్లేళ్లు బిగించి తిరిగే భాగం) పుల్లీ 3 అంగుళాలు, రెండు షాఫ్టుల నడుమ దూరం 18 అంగుళాలు. రెండు పుల్లీలకూ ఒక్కొక్క గాడే ఉంది.

పాత బెల్టు మీద నంబరు పూర్తిగా చెరిగిపోయింది. దాన్నే నమూనాగా దుకాణానికి తీసుకెళ్లి, అదే వెడల్పు, అదే పొడవు ఉన్న బి సెక్షన్ (వెడల్పు, మందాలను బట్టి A, B, C అని చెప్పే రకాల్లో ఒకటి) బెల్టు తెచ్చి వేశాను. పలుచగా చిత్రిక పట్టినంతసేపు బాగానే తిరుగుతుంది. టేకు పలకకు కొంచెం లోతు పెంచితే చాలు, కీచుమని అరిచి కట్టర్ వేగం పడిపోతుంది. ఆపి చూస్తే బెల్టు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది, రబ్బరు కమురు వాసన వస్తుంది, లోపలి వైపు అడ్డంగా పగుళ్లు కనిపిస్తాయి. కంపెనీ మార్చి చూసినా ఇదే వరస. ఏ కంపెనీ బెల్టు ఎక్కువ కాలం నిలుస్తుందో చెప్పగలరా? లేక ఇంకా లావైన సి సెక్షన్‌కు మారమంటారా?

నెల్లూరు_మిల్లు_మెకానిక్:
పొదిలి మిత్రులకు నమస్కారం. కంపెనీ సంగతి పక్కన పెట్టండి. ఫెన్నర్ అయినా, పిక్స్ అయినా, మరొకటి అయినా, మీ 3 అంగుళాల పుల్లీ మీద బి బెల్టు నిలవదు. మీరు కొలవవలసింది పాత బెల్టును కాదు, చిన్న పుల్లీని.

వి బెల్టుల్లో ‘ఏ’ (A) సెక్షన్ పై వెడల్పు 13 మి.మీ., మందం 8 మి.మీ.; బి సెక్షన్ 17కు 11; సి సెక్షన్ 22కు 14. బెల్టు మందం పెరిగేకొద్దీ దాన్ని చిన్న వలయంలో వంచడం కష్టమవుతుంది. అందుకే ‘ఏ’ బెల్టుకు 75 మి.మీ., బి బెల్టుకు 125 మి.మీ., సి బెల్టుకు 200 మి.మీ. కంటే చిన్న పుల్లీ వాడకూడదని ప్రమాణాలు చెబుతున్నాయి. మీ 3 అంగుళాలంటే 76 మి.మీ. బి బెల్టుకు కావలసిన దానిలో మూడింట రెండు వంతులు కూడా లేదు. ఇక సి బెల్టు మాట తలపెట్టనే వద్దు, అది ఇంకా త్వరగా చీలిపోతుంది.

అది ఎందుకు చీలుతుందో లెక్క వేసి చూడండి. 5 అంగుళాల పుల్లీ 2880 ఆర్‌పీఎంతో తిరిగితే బెల్టు వేగం సెకనుకు సుమారు 19 మీటర్లు. మీ బెల్టు చుట్టుకొలత మీటరుంబావు లోపే. అంటే బెల్టులోని ప్రతి ముక్కా ఆ చిన్న పుల్లీ చుట్టూ సెకనుకు 15 సార్లకు పైగా వంగి, తిరిగి నిటారు అవుతోంది. గంటకు అది యాభై వేలు దాటుతుంది. వంగిన ప్రతిసారీ రబ్బరు లోపల వేడి పుడుతుంది. లోపలి వైపు అడ్డంగా వచ్చే పగుళ్లు ఆ అతి వంపుకు గుర్తు. బెల్టు ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందని ఈ పనిలో ఉన్నవారు లెక్క కడతారు. దానికి మన ఎండాకాలం, రేకుల షెడ్డు తోడైతే చెప్పవలసిన పనే లేదు.

మన ప్రాంతంలో ఈ పొరపాటు తరచుగా జరగడానికి కారణం ఉంది. నెల్లూరు చుట్టుపక్కల దుకాణాలకు పెద్ద బేరం రైసు మిల్లులది. అక్కడి పుల్లీలు పెద్దవి కాబట్టి బి, సి బెల్టులే అమ్ముడవుతాయి. కౌంటరులో ఉన్నవారు మన నమూనాను చూసి దానికి సరిపోయేది ఇస్తారు గానీ, అది ఏ పుల్లీ మీద తిరుగుతుందని అడగరు. అడగకపోవడం వారి తప్పు కాదు, చెప్పవలసింది మనమే.

ఒంగోలు_టర్నరు:
మెకానిక్ గారు చెప్పినదంతా సరైనదే. నేను పుల్లీలు తిప్పేవాడిని కనుక గాడి గురించి రెండు మాటలు చెబుతాను.

బెల్టు విప్పి, పుల్లీ గాడిలో పొట్టు తుడిచి, టార్చి లైటు వేసి అడుగు భాగం చూడండి. వి బెల్టు గాడి రెండు గోడలను ఒరుసుకుని పట్టు సంపాదించాలి. అడుగును అది తాకనే కూడదు. అడుగు మసకగా, దుమ్ము పట్టి ఉంటే మంచిది. అద్దంలా మెరుస్తుంటే మాత్రం బెల్టు కిందికి దిగి అడుగు మీద కూర్చుంటోందని అర్థం. అలా కూర్చున్న బెల్టును ఎంత బిగించినా జారుతూనే ఉంటుంది. తరువాత ఒక స్టీలు స్కేలు అంచును గాడి గోడకు ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టండి. గోడ మధ్యలో గుంట పడి, స్కేలుకూ గోడకూ నడుమ 0.8 మి.మీ. కంటే ఎక్కువ సందు కనిపిస్తే ఆ పుల్లీ పని అయిపోయినట్లే. దాని మీద కొత్త బెల్టు వేయడం డబ్బు వృథా చేయడమే.

ఒకవేళ మీరు ఇప్పుడున్న బి గాడిలోనే ‘ఏ’ (A) బెల్టు వేసి చూద్దామనుకుంటే దయచేసి ఆ పని చేయకండి. ఏ బెల్టు సన్నగా ఉంటుంది కాబట్టి లోతుకు జారిపోయి అడుగును తాకుతుంది. సెక్షన్ మార్చాలంటే రెండు పుల్లీలూ మార్చక తప్పదు.

కావలి_ఫర్నిచర్:
పెద్దలతో విభేదిస్తున్నానని అనుకోవద్దు. నా వద్ద ఉన్న కోత బల్లకు, అంటే సర్క్యులర్ సాకు, మొదటి నుంచీ బి బెల్టే ఉంది. మోటారు 5 హెచ్‌పీ. గట్టి వేప దుంగ చీల్చినా బెల్టుకు ఏమీ కాలేదు. చెక్కపని యంత్రానికి బి బెల్టు పనికిరాదనడం సబబేనా?

మరొక ప్రశ్న. లింకు బెల్టులని ఎర్రటివి, ఒక్కొక్క లింకు కలుపుకుంటూ పోయేవి ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. వాటిని వేస్తే యంత్రం అదరదని చెబుతున్నారు. పొదిలి వారికి అవి పనికివస్తాయా?

నెల్లూరు_మిల్లు_మెకానిక్:
కావలి వారూ, మీ రంపం స్పిండిలు మీద పుల్లీ ఎంతుందో ఒకసారి కొలిచి చెప్పండి.

కావలి_ఫర్నిచర్:
ఇప్పుడే కొలిచాను. రంపం వైపు 5 అంగుళాలు, మోటారు వైపు కూడా 5 అంగుళాలే.

నెల్లూరు_మిల్లు_మెకానిక్:
5 అంగుళాలంటే 127 మి.మీ., బి బెల్టు కనీస హద్దు 125. మీ యంత్రం తయారుచేసినవారు లెక్క తెలిసే చేశారు, అందుకే ఇబ్బంది లేదు. యంత్రం ఏదన్నది ముఖ్యం కాదు, పుల్లీ ఎంతన్నదే ముఖ్యం.

లింకు బెల్టు మంచిదే. మామూలు బెల్టును చాలాకాలం కదలకుండా ఉంచితే పుల్లీ మీద ఉన్న వంపు దానిలో అలాగే నిలిచిపోయి, స్టార్టు చేసినప్పుడు యంత్రం ఎగిరెగిరి పడుతుంది. లింకు బెల్టులో ఆ జబ్బు ఉండదు. షాఫ్టులు విప్పకుండా బెల్టు మార్చుకోవలసిన చోట కూడా అది ఎంతో ఉపకారం. కానీ దాని మీద బాణం గుర్తు ఉంటుంది, ఆ దిశలోనే తిరగాలి. ముందుకూ వెనక్కీ తిరిగే యంత్రానికి అది తగదు. పొదిలి వారి సమస్య అదురు కాదు, పట్టు చాలకపోవడం. కనుక దానికి అది మందు కాదు.

డ్రైవుల_ఇంజినీరు:
ఈ చర్చను శ్రద్ధగా చదివాను. అతి వంపు ఒక సగమే, లోడు సంగతి ఇంకా మిగిలి ఉంది. దాన్ని కూడా తేల్చకుండా పొదిలి వారు పుల్లీలు చేయిస్తే మళ్లీ చేయించవలసి వస్తుంది.

3 హెచ్‌పీ అంటే సుమారు 2.24 కిలోవాట్లు. ప్లేనరులో లోడు ఒక్కసారిగా పడుతుంది, కణుపు తగిలితే ఇంకా పెరుగుతుంది. అందుచేత 1.2 రెట్లు లెక్కించి 2.7 కిలోవాట్లకు డ్రైవు కట్టాలి. 75 మి.మీ. పుల్లీ మీద 4800 ఆర్‌పీఎం దగ్గర మామూలు ఏ బెల్టు ఒక్కటి మోయగలిగింది సుమారు 1 కిలోవాటు మాత్రమే. కాబట్టి 3 అంగుళాల పుల్లీకి రెండు గాళ్లు పెట్టి రెండు ఏ బెల్టులు వేసినా చాలదు. బి బెల్టు సంగతికి వస్తే, తయారీదారుల పట్టికలలో 75 మి.మీ. పుల్లీకి ఆ సెక్షన్ అంకె అసలు ఇవ్వరు, పట్టిక 125 దగ్గరే మొదలవుతుంది.

ఇక్కడ చాలామంది బెల్టును పెంచాలని చూస్తారు. పెంచవలసింది పుల్లీని. పుల్లీ వ్యాసం పెరిగితే వంపు తగ్గుతుంది, బెల్టు వేగం పెరుగుతుంది, అదే శక్తిని మోయడానికి బెల్టు మీద పడే లాగుడు తగ్గుతుంది. కట్టర్ వైపు 4 అంగుళాలు, మోటారు వైపు 6½ అంగుళాలు పెడితే కట్టర్ వేగం 4680 ఆర్‌పీఎం అవుతుంది. ఇప్పుడు మీకు లెక్కప్రకారం వస్తున్న 4800కు అది దగ్గరే, పనితనంలో తేడా కనిపించదు. బెల్టు వేగం సెకనుకు సుమారు 25 మీటర్లు. మామూలు వి బెల్టు 30 మీటర్ల వరకు తట్టుకుంటుంది, వార్పు ఇనుము పుల్లీ అంచు వేగం 33 మీటర్లు దాటకూడదు, రెండు హద్దుల లోపే ఉన్నాము. 4 అంగుళాల పుల్లీ మీద ఒక్కొక్క ఏ బెల్టు మోసే శక్తి సుమారు రెట్టింపవుతుంది కాబట్టి రెండు బెల్టులు నిశ్చింతగా సరిపోతాయి.

కట్టర్ పక్కన 4 అంగుళాల పుల్లీకి స్థలం లేకపోతే రెండు దారులు ఉన్నాయి. మొదటిది లోపలి వైపు పళ్లు కోసి ఉండే ఏఎక్స్ బెల్టు. ఆ పళ్ల వల్ల అది చిన్న పుల్లీ మీద సులువుగా వంగుతుంది, చల్లగా నడుస్తుంది, అదే ఏ గాడిలో సరిపోతుంది. రెండవది ఎస్‌పీజెడ్ అనే వెడ్జి బెల్టు. వెడల్పు 9.7 మి.మీ., మందం 8 మి.మీ., కనీస పుల్లీ 63 మి.మీ. సన్నగా కనిపించినా ఏ బెల్టు కంటే ఎక్కువ శక్తి మోస్తుంది. కానీ దానికి లోతైన గాడి కావాలి, పాత పుల్లీలో వేయకూడదు. పైగా మన ఊళ్లలో అత్యవసరానికి వెంటనే దొరుకుతుందా అన్నది మీరే విచారించుకోవాలి. పని మధ్యలో తెగితే పక్క దుకాణంలో దొరికే బెల్టే నాకు మేలనిపిస్తుంది.

పొదిలి_వడ్రంగం:
మీ అందరి ఓపికకు కృతజ్ఞతలు. ఒంగోలు టర్నర్ గారు చెప్పినట్లు గాడి తుడిచి చూశాను. చిన్న పుల్లీ అడుగు వెండి గిన్నెలా మెరుస్తోంది. స్కేలు ఆనిస్తే సందులోంచి వెలుతురు స్పష్టంగా కనిపించింది. పాత యజమాని ఎప్పుడో తన దగ్గర ఉన్న పుల్లీలను తెచ్చి బిగించినట్లున్నాడు, ఎందుకంటే కట్టర్ షాఫ్టుకూ పుల్లీ బోరుకూ (షాఫ్టు దూరే రంధ్రానికీ) మధ్య ఇనుప బుష్ (గొట్టం ముక్క) ఒకటి దూర్చి ఉంది.

కట్టర్ పక్కన అట్ట ముక్కను 4 అంగుళాల వలయంగా కోసి షాఫ్టు మీద పెట్టి చూశాను. బల్లకూ దానికీ మధ్య అర అంగుళం ఖాళీ మిగిలింది. మోటారు వైపు స్థలానికి కొదవ లేదు. కనుక 4, 6½ పుల్లీలు, రెండు ఏ బెల్టులు అని నిశ్చయించుకున్నాను. బెల్టు నంబరు ఎలా తేల్చాలి? పాత బెల్టును బయటివైపు టేపు పెట్టి కొలిస్తే 48½ అంగుళాలు వచ్చింది.

డ్రైవుల_ఇంజినీరు:
పుల్లీలు మారుతున్నాయి కాబట్టి పాత బెల్టు కొలత ఇక అక్కరకు రాదు. లెక్క ఇలా వేయండి. షాఫ్టుల దూరానికి రెట్టింపు, 36. రెండు పుల్లీల వ్యాసాలు కలిపి సగం చేసి 3.14తో గుణిస్తే 16.5. వ్యాసాల తేడా 2½. దాన్ని దానితోనే గుణించి, షాఫ్టుల దూరానికి నాలుగు రెట్లయిన 72తో భాగిస్తే 0.1 కూడా రాదు. మొత్తం 52.6 అంగుళాలు. బెల్టు పై అంచు పుల్లీ పై అంచుతో దాదాపు సమానంగా కూర్చుంటుంది కాబట్టి ఇది బెల్టు బయటి చుట్టుకొలత.

బెల్టు మీద ముద్రించే ఏ-50, ఏ-51 వంటి అంకెలు లోపలి చుట్టుకొలతను అంగుళాల్లో చెబుతాయి. బయటి కొలతలోంచి ఏ బెల్టుకు 2 అంగుళాలు, బి బెల్టుకు సుమారు 3 అంగుళాలు తీసివేస్తే నంబరు వస్తుంది. మీకు 50.6. ఏ-51 తీసుకోండి. మోటారు స్లైడును ముందుకు జరిపి బెల్టును చేతితో ఎక్కించేందుకు చోటు ఉండాలి, తరువాత వెనక్కి లాగి బిగించేందుకూ చోటు ఉండాలి. ఏ-50 తీసుకుంటే ఎక్కించడం ఇరుకవుతుంది.

ఒంగోలు_టర్నరు:
పుల్లీలు ఎవరితో తిప్పించినా ఈ కొలతలు కాగితం మీద రాసి ఇవ్వండి. ఏ సెక్షన్‌కు రెండు గాళ్ల మధ్య దూరం 15 మి.మీ., చివరి గాడి మధ్య నుంచి అంచుకు 10 మి.మీ., మొత్తం పుల్లీ వెడల్పు 35 మి.మీ. గాడి కోణం రెండు పుల్లీలకూ ఒకటి కాదు. విడిగా ఉన్న బెల్టు కోణం 40 డిగ్రీలు. దాన్ని వంచినప్పుడు లోపలి భాగం ఉబ్బి కోణం తగ్గుతుంది, పుల్లీ ఎంత చిన్నదైతే అంత ఎక్కువ తగ్గుతుంది. అందుకని 4 అంగుళాల పుల్లీకి 34 డిగ్రీలు, 6½ అంగుళాల దానికి 38 డిగ్రీలు కోయాలి. రెండింటికీ ఒకే టూలు పెట్టి కోసేస్తే చిన్న పుల్లీలో బెల్టు అడుగు వైపు అంచులే గోడకు తగిలి, పై భాగానికి పట్టు దొరకదు.

బుష్ దూర్చిన బోరు ఇక వద్దు. షాఫ్టుకు సరిగ్గా సరిపోయేలా బోరు తిప్పించి, కీ గాడి కొత్తగా కోయించండి. 4680 ఆర్‌పీఎం దగ్గర పుల్లీ కాస్త ఊగినా బేరింగులకు ముప్పు.

ఉదయగిరి_చెక్కపని:
సందర్భం కొంచెం వేరైనా అడుగుతున్నాను. మేము చెక్క గరిటెలు, చెంచాలు, పళ్లేలు చేస్తాము. మా ఉదయగిరి చెక్క సామానుకు భౌగోళిక గుర్తింపు వచ్చాక ఆర్డర్లు పెరిగి, ముక్కలు కోయడానికి చిన్న బ్యాండు సా ఒకటి తెప్పించాము. దాని బెల్టు వి ఆకారంలో లేదు, వెడల్పుగా, పలుచగా, లోపల పొడుగునా సన్నని గీతలతో ఉంది. మీద 240జె6 అని ఉంది. ఇది స్థానికంగా దొరుకుతుందా?

డ్రైవుల_ఇంజినీరు:
దాన్ని రిబ్బు బెల్టు, పాలీ వి బెల్టు అంటారు. 240 అంటే 24.0 అంగుళాల చుట్టుకొలత, అంటే 610 మి.మీ. జె అనేది రిబ్బు రకం, రిబ్బుకూ రిబ్బుకూ దూరం 2.34 మి.మీ. చివరి 6 రిబ్బుల సంఖ్య. ఇదే బెల్టు మీద కొందరు 6పీజె610 అని ముద్రిస్తారు, రెండూ ఒకటే. దుకాణంలో రెండు పేర్లూ చెప్పండి. చేతి ప్లేనరు వంటి వాటిలో అడ్డంగా పళ్లున్న బెల్టు ఉంటే లెక్క వేరు. పళ్లు లెక్కపెట్టి, పంటికీ పంటికీ ఉన్న దూరంతో గుణిస్తే పొడవు వస్తుంది. ఆ దూరం 3 మి.మీ., 5 మి.మీ., 5.08 మి.మీ.లలో ఏదో ఒకటి కావచ్చు. 5కూ 5.08కీ తేడా కంటికి తెలియదు కాబట్టి ఒక్క పన్ను కాకుండా ఇరవై పళ్ల దూరం కొలవండి. 100 మి.మీ. వస్తే ఒకటి, 101.6 వస్తే మరొకటి.

కందుకూరు_కోత_మిల్లు:
రెండు బెల్టులు వేస్తున్నారు కనుక ఒక మాట. మా దుంగల కోత యంత్రానికి పక్కపక్కన నాలుగు సి బెల్టులు తిరుగుతాయి. ఒకటి తెగితే ఆ ఒక్కటే కొని వేయడం చాలా మిల్లుల్లో అలవాటు. కొత్తది పొట్టిగా ఉండి లోడంతా తనే లాగుతుంది, సాగిన పాతవి వదులుగా ఊగుతూ ఉంటాయి. కొత్తది కూడా త్వరగా పోతుంది. కాబట్టి జతగా కొనండి, జతగా మార్చండి. ఒకే కంపెనీవి, ఒకే నంబరువి అయినంత మాత్రాన సరిపోదు. సాధ్యమైతే ఒకే తయారీ బ్యాచివి ఎంచుకోండి. దుకాణంలోనే రెండింటినీ ఒకే కడ్డీకి వేలాడదీసి కింది అంచులు కలుస్తున్నాయో లేదో చూడవచ్చు. ఎన్నేళ్లుగానో మేకుకు వేలాడుతూ, మేకు దగ్గర వంపు తిరిగిపోయిన బెల్టును మాత్రం ధర తగ్గించినా తీసుకోవద్దు.

కావలి_ఫర్నిచర్:
మా సముద్రపు గాలికి ఇంకొకటి గమనించాను. అక్టోబరు నుంచి వానలు పట్టి యంత్రం కొన్నాళ్లు ఆగితే గాడి గోడలకు తుప్పు పట్టి గరుకు కాగితంలా తయారవుతుంది. అలాగే స్టార్టు చేస్తే బెల్టు పక్కలు నల్లటి పొడిగా రాలిపోతాయి. ముందుగా సన్నని ఎమరీ కాగితంతో రుద్ది, పొడిగుడ్డతో తుడిచి వేస్తున్నాము. నూనె మాత్రం రాయము.

నెల్లూరు_మిల్లు_మెకానిక్:
మంచి పని. బెల్టు జారకుండా పూసే రాళ్లు, జిగురులు కూడా వద్దు. వాటికి రంపపు పొట్టు అంటుకుని గాడిలో గట్టిగా పేరుకుపోతుంది.

పొదిలి వారూ, బిగించే రోజున మెయిను స్విచ్చి తీసి, ఫ్యూజులు జేబులో వేసుకుని పని మొదలుపెట్టండి. మోటారును ముందుకు జరిపి బెల్టులను చేతితో ఎక్కించండి. స్క్రూడ్రైవరు పెట్టి పుల్లీ అంచు మీదుగా తన్ని ఎక్కిస్తే లోపలి దారాలు తెగుతాయి. అది బయటికి కనిపించదు, బెల్టు మాత్రం ఆ రోజే సగం చచ్చిపోతుంది. రెండు పుల్లీల ముఖాలకు అడ్డంగా దారం లాగి పట్టితే నాలుగు చోట్లా తాకాలి. బిగువుకు గుర్తు, రెండు పుల్లీల మధ్య బెల్టును బొటనవేలితో మామూలుగా నొక్కితే మీ 18 అంగుళాల దూరానికి సుమారు 7 మి.మీ. దిగాలి. అంతకంటే బిగిస్తే కట్టర్ బేరింగులు వేడెక్కుతాయి. కొత్త బెల్టు గాడిలో సర్దుకుంటూ మొదట్లో వదులవుతుంది కాబట్టి అరగంట ఖాళీగా తిప్పి ఒకసారి, ఒకటి రెండు రోజుల పని తరువాత మరొకసారి బిగువు చూడండి.

పొదిలి_వడ్రంగం:
టర్నర్ గారు చెప్పిన కొలతలన్నీ కాగితం మీద రాసి ఒంగోలులో పుల్లీలకు ఆర్డరు ఇచ్చి వచ్చాను. వార్పు ఇనుముతోనే చేయమన్నాను. ఏ-51 బెల్టులు ఒక బ్యాచివి ఒక జత తీసుకున్నాను. దుకాణంలో రెండింటినీ కడ్డీకి వేసి చూస్తే కింది అంచులు కలిశాయి. బెల్టు గార్డు పాతది ఒక బెల్టుకే సరిపోయే వెడల్పులో ఉంది, పైగా 6½ అంగుళాల పుల్లీ దానిలో పట్టదు. రేకు పనివారితో కొత్తది చేయించాలి. పొట్టు లోపల నిలవకుండా అడుగున తెరిచి ఉంచమంటారా, లేక పూర్తిగా మూయించాలా?

నెల్లూరు_మిల్లు_మెకానిక్:
చెయ్యి దూరే వైపులన్నీ పూర్తిగా మూయించండి. అడుగున మాత్రం వేలు పట్టని సందులున్న జాలీ వేయించండి. పొట్టు రాలిపోతుంది, గాలి ఆడి బెల్టు చల్లగా ఉంటుంది. గార్డును రెండు రెక్కల నట్లతో బిగించేలా చేయిస్తే గాడి తుడవడానికి విప్పడం సులువు. విప్పడం కష్టమైతే తుడవడమే మానేస్తాము. గార్డు బిగించేదాకా యంత్రం మాత్రం నడపవద్దు.